మనవాడేనా అని అడిగిన చోట

మా ఇంట్లో పైవాటాలో అద్దెకున్న మిత్రుడు ఉన్నన్నేళ్ళూ నన్ను “మీరు” అనే పిలిచాడు. బాపట్ల వైపు నుంచి ప్రభుత్వ ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చినవాడు. వచ్చిన వారంలోనే నేను అతన్ని “నువ్వు” అన్నాను. పత్తర్‌గట్టి వెనక మా గల్లీలో పద్ధతి అదే. మేం అమ్మానాన్నలను కూడా నువ్వనే అంటాం. “నన్ను మీరు అనకు భాయ్, దూరపు సుట్టంతోని మాట్లాడినట్టుంటది” అని ఎన్నిసార్లు చెప్పినా, “అలవాటండీ” అని నవ్వేవాడు. ఆ “అండీ”ని కూడా నేను మరిచిపోలేదు.

నాకు మరిచిపోయే గుణం లేదని మా ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. మా మేనబావ కొడుకు పెళ్ళిలో నన్ను రెండో బంతికి ఆపిన సంగతి నాకు నిన్న జరిగినట్టే ఉంటుంది. కరెంటు ఆఫీసులో నన్ను చూడగానే టీకి లేచిపోయే గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఆయన తిరిగొచ్చే దాకా కూర్చునే ఓపిక నాకుంది. ఇది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. జరిగింది జరిగినట్టు గుర్తుంటే ఎవరికి నష్టం?

ఆదివారాలు మేమిద్దరం సైకిళ్ళ మీద పోయేవాళ్ళం. పత్తర్‌గట్టిలో షట్టర్లు లేవకముందే బయల్దేరి, పురానాపూల్ దాటి, గుడిమల్కాపూర్ మార్కెట్ ముందు బంతిపూల మూటల మధ్య సైకిళ్ళు నడిపించుకుంటూ, ఆ పైన గండిపేట దాకా. ప్రతిసారీ చెరువు గట్టు మీద కూర్చున్నాక అతను ఒకే మాట అనేవాడు, ఇది కాదండీ, మా వైపు సరుగుడు తోటల్లో తొక్కాలండీ అని. మా గండిపేటకేం తక్కువైందని నాకు కోపం వచ్చేది. అయినా ఆ తోటలు ఎలా ఉంటాయో ఇంటికి వచ్చేదాకా అడుగుతూనే ఉండేవాణ్ణి.

ఒక చలికాలం అతనే తీసుకెళ్ళాడు. సైకిళ్ళు రైల్లో లగేజీ పెట్టెలో వేశాం. బాపట్లలో దించేసరికి నా సైకిలు వెనక మడ్‌గార్డు వంగి చక్రానికి తగులుతోంది. ఫిర్యాదు రాసుకునేదాకా కదలనని పార్సెల్ గది ముందు నిలబడ్డాను. అతను బెంచీ మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పి, నా వంతు మళ్ళీ ఆకులో చుట్టి పెట్టి, తనూ తినకుండా ఎదురుచూశాడు. తర్వాత రాయి తీసుకుని మడ్‌గార్డు తనే సరిచేశాడు.

ఊరు దాటాక తోటలు మొదలయ్యాయి. సరుగుడు చెట్టును నేను అంతకుముందు చూడలేదు, ఇళ్ళు కట్టేచోట సెంట్రింగు కర్రలుగా తప్ప. అవే కర్రలు అక్కడ ప్రాణంతో నిలబడి ఉన్నాయి. దారి మీద రాలిన సన్నటి ఆకు చాప పరిచినట్టుంది. దాని మీద చక్రాలకు చప్పుడే లేదు. మా గల్లీలో సైకిలు కదిలితే గొలుసు నుంచి బెల్లు దాకా అన్నీ మోగుతాయి. ఇక్కడ నా ఊపిరి నాకు వినిపించింది. పైన గాలి ఒకటే హోరు. సముద్రం దగ్గరికి వచ్చేశామా అని అడిగాను. చెట్లండీ, సముద్రం ఇంకా దూరం అన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ అడిగాను. ఈసారి నిజంగానే సముద్రం. నాకు రెంటికీ తేడా తెలియలేదు. అతను నవ్వాడు. ఆ నవ్వును మాత్రం నేను మనసులో పెట్టుకోలేదు.

ఎండెక్కాక మడ అడవుల వైపు తిరిగాం. ఉప్పుకాలువ పక్కన మట్టికట్ట. కట్టకు అటువైపు బురదలోంచి చెట్ల వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య ఎర్రపీతలు మనిషి నీడ పడగానే బొరియల్లోకి జారుకుంటున్నాయి. వాటిని చూస్తూ తొక్కుతున్నానేమో, కట్ట అంచు విరిగి సైకిలుతో సహా బురదలోకి దిగబడ్డాను. వెనక నుంచి అరుపు.

“నువ్వు కదలకు. నేనొస్తున్నా, నువ్వు కదలకు.”

బోర్లా పడుకుని చెయ్యందించి లాగాడు. నా చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. “నీ చెప్పు ఏదీ? అడుగు ఎక్కడ పెట్టావు?” అంటూ మోచేతుల దాకా బురదలో వెతికాడు. దొరికాక పైకెత్తి, “ఇదిగో నీ పాదుక” అన్నాడు. ఇద్దరం కట్ట మీద కూలబడి నవ్వుకున్నాం. నువ్వు అంటున్నాడని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. చెబితే తప్పు దిద్దుకుంటాడని భయం. ఆ తర్వాత దారి పొడుగునా నువ్వే. నీళ్ళు తాగుతావా, నువ్వు ముందు నడువు, నీ గొలుసు బిగువు తగ్గింది. అంత సుఖంగా నేను ఎప్పుడూ సైకిలు తొక్కలేదు.

జీడిమామిడి తోటల దగ్గర ఎదురుగా మోటారుసైకిలు మీద పెద్దాయన ఒకరు వచ్చి ఆగారు. అతని మేనమామ. మా బురద కాళ్ళు చూసి, ఉద్యోగం అడిగి, అమ్మ ఆరోగ్యం అడిగి, చివరికి నా వైపు చూశారు.

“మనవాడేనా?”

మా దగ్గర ఆ మాట ఎంత తేలికో చెప్పాలి. ఇదే మిత్రుణ్ణి పత్తర్‌గట్టిలో బట్టల కొట్టుకు మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు నేను “అప్నా ఆద్మీ హై భాయ్” అన్నాను. కొట్టాయన తన గ్లాసులో చాయ్ సగం వంచి ఇతనికిచ్చాడు. మనోడు అంటే మా దగ్గర అంతే. వెంట తెచ్చుకున్నవాడు మనోడు. అందుకే ఆయన అడగ్గానే నమస్కారం పెడదామని చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాను.

“కాదు మావయ్యా. హైదరాబాదులో తెలిసినాయన.”

ఆయన తలూపి, భోజనానికి రమ్మన్నారు. రైలు టైమ్ అయిందని చెప్పి ఇతను బయల్దేరదీశాడు. నమస్కారం పెట్టానో లేదో నాకు గుర్తులేదు. నాకు గుర్తులేనిది ఆ రోజులో అదొక్కటే.

తిరిగి వచ్చేటప్పుడు సరుగుడు తోటల్లో పొద్దు వాలుతోంది. చెట్ల మధ్య నుంచి వెలుతురు అతని వీపు మీద పడి జరుగుతోంది. నేను వెనకబడ్డాను. అతను ఆగి, కాలు నేలకానించి, “అలిసిపోయారా?” అన్నాడు. మళ్ళీ మీరు.

“ఏంలే, పా పోదాం” అన్నాను.

హైదరాబాదు వచ్చాక కూడా కొన్నాళ్ళు నేను మాట్లాడలేదు. ఒక ఉదయం మెట్ల మీద ఎదురుపడ్డాడు. ఇక ఆగలేక అడిగాను.

“నేను మనోన్ని కాదా?”

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. “అయ్యో, అదా? మా వైపు మనవాడేనా అంటే కులం అడిగినట్టండీ. మనిషి సంగతి కాదు.”

“కులం అడిగితే కాదు అంటే అయిపోతుండె గద. ఎనక తెలిసినాయన అని ఎందుకు తగిలిస్తివి?”

“మరేమనాలండీ?”

“దోస్తు అనాలె. ఆ మాట మీ తాన లేదా ఏంది?”

పాల పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “ఉంది” అన్నాడు మెల్లగా. పైకి వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలమే అతనికి సొంత జిల్లాకు బదిలీ అయింది. సామాను ఎక్కించిన రోజు నేను మా కిరాణా దుకాణానికి సరుకు తేవడానికి ఉస్మాన్‌గంజ్ వెళ్ళి ఉన్నాను. తాళంచెవి మా ఆవిడ చేతికిచ్చి, వెళ్ళొస్తానన్నానని చెప్పండి అన్నాడట. కాసేపు ఆగి ఉంటే కలిసేవాళ్ళం. ఆగలేదు. పండగలకు ఫోనులో దీపాల బొమ్మలు పంపేవాడు. ఊరందరికీ పంపిన బొమ్మకు జవాబేమిటని నేను ఊరుకున్నాను.

ఇప్పుడు ఆదివారాలు ఒక్కణ్ణే పురానాపూల్ దాకా పోయి తిరిగొస్తున్నాను. గండిపేట గట్టు మీద పక్కన ఎవరూ లేకుండా కూర్చోవడం నాకు చేతకాలేదు. మా పక్కింటికి పైన స్లాబు వేస్తున్నప్పుడు సరుగుడు కర్రలు దించారు. దుకాణానికి తాళం వేసి మరీ వెళ్ళి వాసన చూశాను. సిమెంటు వాసన తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు లేని దారి కోసం, ఆ హోరు కోసం, ఏదీ నీ చెప్పు అని బురదలో దేవిన ఆ గొంతు కోసం, ఎక్కడ గాలి హోరు వినిపించినా సైకిలు ఆపుతున్నాను. అతను ఆ “తెలిసినాయన” అన్న మాటను మార్చి చెబితే అదే రోజు రైలెక్కుదామని చాలాకాలం ఎదురుచూశాను. చెప్పలేదు.

మొన్న చలి మొదలవగానే దుకాణంలో కూర్చుని నేనే ఫోను చేశాను. అతని తల్లి తీసింది. ఆమెకు చెవి సరిగ్గా వినపడదని అతను చెబుతుండేవాడు.

“ఎవరు బాబూ? మావాడు దొడ్లో ఉన్నాడు. ఎవరని చెప్పమంటావు?”

హైదరాబాదు నుంచి అంటే సరిపోయేది. ఇంటాయన అన్నా సరిపోయేది. ఆ రెండూ నోటిదాకా వచ్చాయి.

“దోస్తునమ్మా” అన్నాను.

“ఎవరూ?”

“దోస్తుని. ఆయన దోస్తుని.” గట్టిగా అనేసరికి దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు తలెత్తి చూశారు.

“ఉండు, పిలుస్తా.”

ఆమె ఫోను చేతిలోనే పట్టుకుని నడిచింది. అడుగుల చప్పుడు, ఒక కోడి, తలుపు గొళ్ళెం, ఆ తర్వాత ఒకటే గాలి. ఎవరో శనగపప్పు అడుగుతున్నారు. ఆగమని చెయ్యి చూపించి, ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నాను.