తప్పెటల మధ్య తమ్ముడి చోటు

మా ఇంట్లో రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన ఒక కుర్చీ ఉంటుంది. దాన్ని ఎవరినీ జరపనివ్వను. అది కాశీబుగ్గ బస్టాండులో కలిసిన ఒక ఉద్దానం రైతు పుణ్యం.

బాగుచేయించిన స్పీకరును దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారాయన. నాకూ స్టీరియో పిచ్చి కనుక ఎన్ని వాట్లని అడిగాను.

"వాట్లదేటుంది బాబూ. మా తమ్ముడు తప్పెటగుళ్ళు ఆడేవోడు. కిడ్నీలు పోనాయి, ఇప్పుడు ఎగరలేడు. ఇంట్లో కూకున్నా జట్టులో ఉన్నట్టే ఆడికి ఇనపడాల."

మొదట అందరిలాగే జట్టు ఆటని మైకు ఎదురుగా పెట్టి రికార్డు చేశారట. తమ్ముడు విని, "ఇది సూసేవోళ్ళకి ఇనపడే ఆట, ఆడేవోళ్ళకి కాదు" అన్నాడట. దాంతో జట్టు మళ్ళీ ఛాతీలకి తప్పెటలు కట్టుకుంది. తిరిగే వలయంలో తమ్ముడి చోటు ఖాళీగా వదిలారు. ఆ చోట, రెండు చెవుల పక్కనా రెండు మైకులు పట్టుకుని, తన అడుగుల చప్పుడు పడకుండా మెత్తగా ఈయనే తిరిగారట. ఇప్పుడు రెండు స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చుంటే తమ్ముడికి ముందువాడి గజ్జెలు, వెనకవాడి ఆయాసం కూడా వినిపిస్తాయట.

ముచ్చటేసింది. అయినా ఒక లోపం దొరికిందనుకున్నాను.

"మరి మీ తమ్ముడి తప్పెట మోత అందులో లేదు కదండీ?"

సోంపేట బస్సు వచ్చింది. ఆయన స్పీకరు ఎత్తుకుని లేచారు.

"అది రికార్డు సెయ్యడం దేనికి బాబూ? కుర్చీలో కూకోని ఆడే కొడతన్నాడు కదా."