ముసలి మ్యాక్‌లో సింహం మొహం

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే ఒక పెద్దాయనకు నంద్యాలలోని మా ఇంటి నుంచే కంప్యూటర్‌లో బొమ్మలు తయారుచేసి ఇస్తుంటాను. ఆయన షెడ్డులోని యంత్రం నా ఫైలును బట్టి రాయిని ముతకగా చెక్కుతుంది. నునుపు చేయడం, కళ్లు తీర్చడం ఆయన ఉలి పని. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. నాదేమో పాత మ్యాక్. అందుకని దాని లోపలే విండోస్‌కు ఒక గది కట్టిచ్చాను. వర్చువల్ మెషీన్ అంటారు.

మండపం స్తంభానికి సింహం మొహం శనివారానికల్లా కావాలన్నాడు పెద్దాయన. ఇవ్వలేకపోతే పని మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేస్తూ ఇలాంటి బొమ్మలూ చేసిచ్చే అతనికి పోతుంది. ఫైలు తెరిస్తే చాలు, మ్యాక్ బిగుసుకుపోయేది. బాగుచేయమని పిలిస్తే వచ్చింది కూడా అతనే.

"ఏందక్కా, ముసలెద్దుకు ట్రాక్టరు ట్రాలీ కట్టి తోల్తాండావ్? కొత్తది కొనుక్కోరాదా?"

"ఎద్దు నాది, ట్రాలీ నాది. నీకెందుకప్పా నొప్పి?"

"నీ మంచికే చెప్తాండా."

"నా పని నీకొస్తే ఎవరికి మంచి?"

అతను పోయాక చూసుకుంటే తప్పు నాదే. పదహారు జీబీ మెమరీలో పద్నాలుగు విండోస్‌కే ఇచ్చేశాను. చుట్టమొస్తే కుండ ఊడ్చి వడ్డించి, మేం మంచినీళ్లు తాగి పడుకునే ఇంట్లో పెరిగినదాన్ని మరి! ఇల్లే పస్తుంటే చుట్టం ఎక్కడ బతుకుతాడు? పదికి తగ్గించాను. కదిలింది. జూలు దగ్గర మళ్లీ ఆగింది.

కొత్తది కొననుగాక కొనను. పెద్దాయనకు ఫోన్ చేశాను. "మొహమంతా ఒక్కసారి తెరుచుకుంటల్యాదన్నా."

"ఒక్కసారి యాల? మేమేమన్నా సింహాన్ని ఒక్క దెబ్బకు చెక్కుతామా? గళ్లు గీసుకోమ్మా. ఒక గడి అయినాంక ఇంగోటి."

మొహాన్ని ఆరు గళ్లు చేశాను, గడికో ఫైలు. శనివారం పొద్దున పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

యంత్రం ఆగాక పెద్దాయన దుమ్ము తుడిచి, జూలు మీద బొటనవేలు రాశాడు. "ఈడ గళ్లు కలిసేకాడ గీత తగుల్తాంది."

"తగుల్తాది. గళ్లు చేయమన్నది నువ్వే. నీ ఉలి ఉండేది ఎందుకు మరి?"

ఆయన నవ్వి, ఉలి అందుకున్నాడు. "నీ కంప్యూటర్ ముసలిదైనా నోరు మాత్రం ముసలిది కాల్యా నీది. రెండో స్తంభం కొలతలు చెప్తా, రాసుకో."