టీచరుగారు వద్దన్న గొంతు

జూలై, రెండో గురువారం. పాలు కాచాను. ఇడ్లీపిండి రుబ్బి గిన్నెలోకి తీశాను. గ్యాసు బండ మార్పించాను. మావారి చొక్కాలు ఇస్త్రీకి పంపాను. కందిపప్పు ఎండబెట్టి, మబ్బు పట్టేసరికి తీసి డబ్బాలో పోశాను. ఆ డబ్బాకి మూత పెడుతుండగా మా పక్కింటి టీచరుగారి అమ్మాయి ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. టీచరుగారు పోయారు. మూత బిగించాను. తరవాత కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న వేళకి కూడా రాలేదు.

తాడేపల్లిగూడెంలో మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. ఆవిడ బడిలో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యారు. పుట్టింది కొల్లేటి లంకలో. పొద్దున్నే పెరటి మెట్టు మీద కూర్చుని కొరమేనుకి బూడిద రాసి, జారకుండా పట్టుకుని కడిగేవారు. పక్కన ఫోన్‌లో పాట. గోడమీద పిల్లి. నేను ఇవతల సరుకుల చీటీ రాసుకుంటూ ఉంటే తల ఎత్తేవారు.

“మీ ఆయనగారు ఊపిరి పీల్చాలన్నా మీ చీటీలో ఉండాలేమోనమ్మా!”

“ఉందండీ, ఉప్పు కింద రాశాను” అనేదాన్ని. ఆవిడ నవ్వితే పిల్లి ఒకసారి లేచి మళ్లీ కూర్చునేది.

ఆ పాట గురించి చెప్పాలి. ఆవిడ ఊరి చర్చిలో ఒక పెద్దాయన కట్టిన పాట. మనిషి తన ప్రాణాన్ని తానే పిలిచి, ఒడ్డుకి వచ్చేశావు, ఇక నెమ్మదించు అని చెప్పుకునే పాట. వయసులో ఉండగా టీచరుగారే ఏలూరు వెళ్లి దాన్ని క్యాసెట్టుకి పాడారు. మూడో చరణంలో ఆవిడ గొంతు జీరపోయి విరుగుతుంది. ఆ చోటు కోసమే అందరూ వింటారు. చాలా ఏళ్లకి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి అదే పాటని కొత్త వాద్యాలతో పాడింది. ఆ అమ్మాయి గొంతు ఎక్కడా విరగదు.

కొల్లేటి ఊళ్లలో వాళ్ల చర్చి సంఘం వారింట ఎవరు పోయినా టీచరుగారి క్యాసెట్టే పెట్టేవారు. ఆవిడ ఎదురుగా ఉన్నా పెట్టేవారు. ఆవిడ తల వంచుకుని, పాట అయ్యేదాకా ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చునేవారు. భక్తి అనుకునేవారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇంట్లో, పెరటి మెట్టు మీద, ఆవిడ పెట్టుకునేది హైదరాబాదు అమ్మాయి పాడినది. ఎందుకని కిందటేడు అడిగాను.

“ఆ అమ్మాయి పాడుతోందమ్మా. నేను పాడలేదు. మా ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చిన వారం అది. రికార్డింగుకి డబ్బు కట్టేశారు, రమ్మన్నారు, వెళ్లాను. ఏడుస్తుంటే టేపులోకి పట్టేశారు. అదే బాగుంది, ఉంచేద్దాం అన్నాడు మిషను దగ్గరి అతను.”

చేపని నీళ్లలో ముంచి తీశారు.

“మీరు దేన్నీ మర్చిపోరు కదా. ఇదొకటి గుర్తుంచుకోండి. నన్ను తీసుకెళ్లేటప్పుడు నాది పెట్టనివ్వకండి. ఆ అమ్మాయిది పెట్టమనండి. ఏడ్చుకుంటూ వెళ్లాలని లేదు నాకు.”

“అవేం మాటలండీ పొద్దున్నే? అంతగా అయితే మీ అమ్మాయికి చెప్పండి.”

“దానికి అప్పటికి మాటలే రాలేదు. నాన్న పోయినా అమ్మ ధైర్యంగా పాడింది అని దాని నమ్మకం. నేను ఉన్నంతకాలం ఉండనివ్వండి.”

సరేనన్నాను.

శుక్రవారం పొద్దున, ఆవిడని సొంతూరు తీసుకెళ్లడానికి వ్యాను వచ్చింది. పైన మైకు. అమ్మాయి వాళ్లమ్మ పాటని ఫోన్‌లోకి ఎక్కించుకుని, డ్రైవరుకి ఇవ్వడానికి చేత్తో పట్టుకుని తిరుగుతోంది. నేను వాళ్ల వంటింట్లో వచ్చినవాళ్లకి టీ వడకడుతున్నాను. గ్లాసులు తీసుకెళ్లడానికి తను వచ్చినప్పుడు చెప్పాను. ఇంతకు ముందు మీకు ఎలా చెప్పానో అలాగే చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాలేదు.

“అబద్ధం ఆంటీ” అంది.

పొయ్యి మీద రెండో విడత టీ పొంగింది. తనే మంట తగ్గించింది.

“ధైర్యంగా పాడలేదా అయితే?”

“వెళ్లారు కదమ్మా, ఆ వారంలోనే.”

“అమ్మ గొంతు వినపడకుండా ఎలా పంపను ఆంటీ? ఇంక నాకు ఉన్నది అదొక్కటే కదా?”

“అది నీకు ఉంచుకో. ఆవిడకి ఆవిడ అడిగింది ఇయ్యి.”

గ్లాసుల పళ్లెం ఎత్తబోయి మళ్లీ గట్టు మీద పెట్టింది. చాలాసేపు ఫోన్‌లో వెతికింది. కళ్లు కనపడక వెతికిందో, ఇష్టం లేక వెతికిందో నేను చూడలేదు.

వ్యాను గుండుగొలను దాటి కొల్లేటి వైపు తిరిగింది. చేపల చెరువుల గట్ల మీద హైదరాబాదు అమ్మాయి గొంతు నిదానంగా వెళ్లింది. ఊరి మొదట్లో సంఘ పెద్ద ఆపాడు.

“ఏవమ్మా, టీచరమ్మగారి పాట పెట్టలేదేంటి? పాడిన మనిషికే లేకపోతే ఎలాగండీ?”

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అంది. “అమ్మకి ఇదే ఇష్టమండి.”

మూడో చరణం వచ్చింది. విరగలేదు. అందరం ఆ చోట అలవాటుగా తలలు వంచాం. ఏమీ జరగకపోయేసరికి మళ్లీ ఎత్తాం. పెట్టె దించారు.

ఆదివారం. పాలు కాచాను. ఇల్లు తడిబట్ట పెట్టి తుడిచాను. గోడ అవతల పాట వినపడి వెళ్లి చూశాను. అమ్మాయి పెరటి మెట్టు మీద కూర్చుంది. ఫోన్ పక్కన పెట్టుకుంది. హైదరాబాదు అమ్మాయిదే. వాళ్లమ్మది రాత్రి ఒక్కతే విందట. గోడమీద పిల్లి ఆ పాట విని కిందికి దూకింది. బూడిద గిన్నె దగ్గరికి వెళ్లి, మెట్టు వైపు తిరిగి కూర్చుంది. చేప లేదు. పాట అయిపోయింది. పిల్లి లేవలేదు.

టీచరుగారికి ఇచ్చిన మాట: చెల్లు.