మైకక్క మెడలో గడ్డ

కూరగాయల టోకు మార్కెట్‌లో వేలం పాడే ఆవిడని అందరూ మైకక్క అనేవారు. తెల్లారేసరికి లారీల్లోంచి దిగిన సరుకు చుట్టూ వ్యాపారులు మూగితే, ఆవిడ ఒక పెట్టె బోర్లించి, దాని మీదకెక్కి ధర పలికేది. మైకు అక్కర్లేని గొంతు గనకే ఆ పేరు. టమాటాల దగ్గర మొదలెడితే ఉల్లిపాయ బస్తాల వరుస చివర నిలబడ్డవాడు కూడా ఉలిక్కిపడేవాడు. తూకంలో ఎవడైనా చేతివాటం చూపించాడా, ఇక వాడి పని అయిపోయినట్టే. తాత ముత్తాతలతో సహా ఉతికి ఆరేసేది.

అలాంటి మనిషి చిక్కిపోవడం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. అన్నం సయించదు, కడుపు కదలదు. మూత్రపిండంలో రాయి వచ్చింది, తీశారు, మళ్ళీ వచ్చింది. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన ముట్లుడిగే వయసన్నాడు. మరొకాయనైతే ఆవిడ మొహం చూడకుండానే మొగుడితో, "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? మనసు బాలేకపోతే ఇలాగే ఉంటుంది" అని నిద్రమాత్రలు రాసిచ్చాడు.

"మనసు బాలేనిది నాకా, వాడికా?" అని ఇంటికొచ్చేదాకా మొగుణ్ణి వాయించింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. ఎదురు చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు.

ఓ పొద్దున బంగాళాదుంపల బుట్ట పక్కకి జరపబోతే మణికట్టు పుటుక్కున విరిగింది. ఎముకల డాక్టరు కట్టు కట్టి, ఎముకలు గుల్లబారాయంటూ కాల్షియం మాత్రలు రాశాడు. ఆవిడ ఒక్క పూట తప్పకుండా మింగింది. మింగినకొద్దీ ఇంకా నీరసించి, చివరికి మార్కెట్ మధ్యలోనే కుప్పకూలింది.

పెద్దాసుపత్రిలో మొట్టమొదటిసారి ఎవరో రక్తంలో కాల్షియం ఎంతుందో చూశారు. అది ప్రాణం మీదకి వచ్చేటంత ఉంది. సెలైన్లు ఎక్కించి దాన్ని కిందికి దించాక, మెడ తడిమి చూస్తున్న సర్జనమ్మ వేళ్ళు ఒకచోట ఆగిపోయాయి. అక్కడ రాయిలాంటి గడ్డ.

స్కానింగులయ్యాక ఆవిడ తమ్ముడు, మొగుడు సర్జనమ్మ గదిలోకి వెళ్ళారు. తలుపు ఓరగా ఉంది.

"మేడమ్, క్యాన్సర్ అనుమానమని అక్కకి మాత్రం చెప్పకండి. మామూలు గడ్డే అనండి. తట్టుకోలేదు" అంటున్నాడు తమ్ముడు.

సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ ఆవిడ లోపలికొచ్చింది.

"తట్టుకోలేంది ఎవర్రా?"

"అది కాదక్కా..."

"నోర్ముయ్. మెడ నాది, గడ్డ నాది, చెప్పేది మాత్రం వీళ్ళకా? ఇన్నాళ్ళూ ప్రతివాడూ నన్ను వదిలేసి నా పక్కవాడితోనే మాట్లాడాడు. డాక్టరమ్మా, వీళ్ళు కూచుని వింటే వింటారు. మీరు నాతో చెప్పండి. బతుకుతానా, లేదా?"

సర్జనమ్మ కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుంది.

"థైరాయిడ్ వెనక గోధుమగింజంత గ్రంథులు నాలుగుంటాయమ్మా. అందులో ఒకటి పిచ్చెక్కినట్టు పెరిగింది. మీ ఎముకల్లో కాల్షియం తోడి రక్తంలో పోస్తోంది. క్యాన్సరే అనిపిస్తోంది, తీసి పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేం. సూదితో ముక్క తీసి చూడకూడదు, విత్తనాలు చల్లినట్టు పాకుతుంది."

"క్యాన్సరే అయితే?"

"చాలా అరుదైన జబ్బు. నిదానంగా పాకుతుంది. ఐదేళ్ళ తర్వాత కూడా పదిమందిలో ఎనిమిది మంది దాకా ఉంటున్నారు. పదేళ్ళకి ఆ లెక్క తగ్గుతుంది. దాదాపు సగం మందికి తిరగబెడుతుంది. అప్పుడు ప్రాణం తీసేది గడ్డ కంటే ఎక్కువగా ఒంట్లో పెరిగిపోయే కాల్షియమే. కీమోలు, రేడియేషన్ కరెంట్లు దీనికి పెద్దగా పనిచేయవు. ఇంకా ఊపిరితిత్తులకి పాకలేదు, అది మీకు మంచిది. మిగతాదంతా మొదటి ఆపరేషన్ మీదే ఉంది. గడ్డ చిట్లకుండా, చుట్టూ అంటుకున్నదాంతో కలిపి ఒకే ముద్దగా తియ్యాలి. గొంతు నరం కూడా దానికి అంటుకుని ఉంటే, నరాన్నీ కోసేస్తాను. మాట బొంగురుపోతుంది. మళ్ళీ పాత గొంతు రాకపోవచ్చు."

ఎప్పుడూ నోరెత్తని మొగుడే, "గొంతు పోతే పోనీలే" అన్నాడు.

"మీదా పోయేది!" అని ఆవిడ గట్టిగా అరిచిన అరుపుకి బయట నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఎంత తేలిగ్గా అనేశారండీ! ఆ మాట నేననాలి!" కోపంతో ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, సర్జనమ్మతో అంది: "కోసెయ్యండి. ఏదీ మిగల్చకండి."

ఆపరేషన్‌లో చూస్తే నరం అంటుకునే ఉంది. సర్జనమ్మ అన్నంత పనీ చేసింది. అది క్యాన్సరేనని, తీసిన ముద్ద అంచుల్లో మాత్రం క్యాన్సర్ లేదని ల్యాబు తేల్చింది. తోడేసే గ్రంథి పోయేసరికి ఎముకలు కరువు తీరా కాల్షియం లాక్కున్నాయి. పెదాలు తిమ్మిరెక్కి, వేళ్ళు కొంకర్లుపోయాయి. నర్సు కాల్షియం మాత్రలు తెస్తే, "ఇప్పుడా ఇవ్వడం!" అన్నట్టు చూసి మింగింది.

నడవగలిగిన రోజునే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గాలి తప్ప గొంతు రావడం లేదు. ఆయన బల్ల మీదుగా ముందుకి వంగాల్సొచ్చింది.

"రక్తంలో కాల్షియం ఎంతుందో చూడకుండా మాత్రలు ఎందుకు రాశారు?"

"అమ్మా, మీది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు. ఎవరూ ఊహించలేరు."

"జబ్బు అరుదే. రక్తపరీక్ష అరుదా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, తర్వాతి పేషెంటుని పిలిచాడు. క్షమించమని అనలేదు. ఆవిడా లేచి రాలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు అరవడం మొదలెట్టేదాకా అలాగే కుర్చీలో కూచుంది. అరవలేని కోపం ఎంత బరువుంటుందో ఆవిడకి ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి రెండు స్టీలు గిన్నెలు గోడకేసి కొట్టింది. మొగుడు సొట్టలు తీసి మళ్ళీ అరలో పెట్టాడు.

ఆపరేషన్ అయిన నాలుగో ఏట కాల్షియం మళ్ళీ పెరిగింది. ఊపిరితిత్తిలో చిన్న ముడి కనబడితే అదీ తీశారు. కాల్షియాన్ని అదుపులో ఉంచే బిళ్ళలు ఇప్పటికీ వేసుకుంటుంది, వేసుకున్నప్పుడల్లా డోకొస్తోందని తిడుతుంది. వేలం తమ్ముడు పాడుతున్నాడు. పక్కన నిలబడి ఆవిడ వేళ్ళతో ధర చూపిస్తుంది. వాడు తగ్గించి పలికితే నడుం మీద గిల్లుతుంది.

మొన్న కొత్త వ్యాపారి ఒకడు ఆవిణ్ణి చూసి, "పాపం, ఏమైందో!" అన్నాడు. ఎదురుగా ఉన్న క్యాబేజీ తీసి వాడి మీదకి విసిరింది. భుజానికి తగిలింది.