మునిగిన మూడో తిప్ప

నిన్న ప్రొద్దుటూరు బస్టాండు గోడ మీద కొత్త పోస్టరు చూశాను. నీలం నీళ్లు, మధ్యలో పచ్చటి తిప్పలు, తెల్ల పడవలో నవ్వుతున్న కుటుంబం, కింద ద్వీపాల మధ్య విహారం అని పెద్ద అక్షరాలు. నేనెక్కాల్సిన కమలాపురం బస్సు వచ్చి పోయినా, ఆ బొమ్మలో తిప్పలు లెక్కపెడుతూ నిలబడిపోయాను.

మా ఊరు జమ్మలమడుగు పక్కన, పెన్న ఒడ్డున ఉండేది. నేను చదివింది ఐదో తరగతే అయినా, మేస్త్రీల వెంట తిరుగుతూ, నీళ్లు నింపిన సన్న గొట్టంతో మట్టం చూడడం, బద్ద మీద గీతలు పెట్టి ఎత్తుపల్లాలు లెక్కగట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. ఊర్లో ఎవరు గోడ లేపినా మొదటి రోజు నన్నే పిలిచేవాళ్లు.

మా వాడ క్రైస్తవుల సమాధులన్నీ ఊరికి ఎగువన గుట్టలాంటి ఒక తిప్ప మీద ఉండేవి. ఈస్టరుకు ముందు వారం ఎవరి సమాధికి వాళ్లు సున్నం కొట్టుకుని, పండుగనాడు పొద్దు పొడిచేవేళకు కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతూ ఎక్కేవాళ్లం. మా అమ్మది తూర్పు చివర, మొదటి వెలుగు పడేచోట. జలాశయం కింద ఊరు ఖాళీ చేయాలన్నప్పుడు ఇళ్లకంటే ఆ తిప్ప గురించే అందరికీ దిగులు. ఎముకలు తీసి కొత్తచోట పూడ్చుకోవాలా, వద్దా అన్నది తేలేదాకా కదిలేది లేదని ఆడవాళ్లు కూర్చున్నారు.

అప్పుడు మా చిన్నాయన, సంఘ పెద్ద, సర్వేవాళ్లతో గొలుసు పట్టి తిరిగినవాడు, నన్ను వెంటబెట్టుకుపోయి ఒక బండ మీద ఎర్రగీత చూపించాడు. నీళ్లు వచ్చేది అంతవరకేనని, అక్కణ్నుంచి తిప్పకు మట్టం తీయమని చెప్పాడు. మూడు రోజులు, నూట పన్నెండు మార్లు గొట్టం మార్చి, పోతూ ఒకసారి వస్తూ ఒకసారి సరిచూసుకుని, అమ్మ సమాధి ఆ గీతకంటే రెండు బారలు పైన ఉందని తేల్చాను. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడిలో నిలబడి చెప్పాను. అందరికంటే ముందు తలూపింది నా చెల్లెలు. ఆ నెలలోనే ఊరంతా ఖాళీ చేసి లేచింది.

నీళ్లు నిండాక అటువైపు దారి పోయింది. కొండ అడ్డం కాబట్టి ఒడ్డు నుంచి తిప్ప కనబడదు. రెండేళ్లకు పడవలు వేశారని తెలిసి, పులివెందులలో కాపురముండే చెల్లెలు సున్నం డబ్బా, కుంచె సంచిలో పెట్టుకుని వచ్చింది. రానంటున్న చిన్నాయనను కూడా నేనే బలవంతంగా ఎక్కించాను. చెప్పొద్దూ, మలుపు తిరగగానే అంత నీటిని ఒక్కసారి చూసేసరికి, మా ఊరు దాని అడుగునే ఉందని తెలిసీ మనసు పొంగింది. ఒక తిప్ప దాటాం, రెండోదీ దాటాం. పడవ వెనక్కి తిరగబోయింది.

“అన్నా, అమ్మ తిప్ప యాడుంది?” అంది చెల్లెలు.

పడవ నడిపేవాడు నవ్వాడు. “యా తిప్పక్కా? ఈడుండేటివి రెండే. మూడోది నిండిన ఏడే మునిగిపాయ. నీళ్లు పైగీతదాకా వస్తాయని ముందే కొండ యెనకాల గీసిపెట్టినారు గదా!”

పైగీత ఒకటుందని నేను వినడం అదే మొదటిసారి. చిన్నాయన నీళ్లవైపే చూస్తూ, “కింది గీత చూపిస్తేనే మీరు లేస్తిరి,” అన్నాడు. “లేయకపోతే మనోళ్లందరికీ ఒకచోట స్థలాలు వచ్చేటివా? లెక్కలోడివి, ఇంకో గీత ఉండాదేమోనని అడగాల్సింది నువ్వేనప్పా.”

ఊరు లేవకముందే ఆయన మా చిన్నమ్మ ఎముకలు తీయించి జమ్మలమడుగులో పూడ్పించాడు. కొడుకు ఇంటికి దగ్గరగా ఉంటుందంటే నమ్మాం. ఆ రోజు తిప్ప మీద మట్టి తట్ట మోసిందీ నేనే.

చెల్లెలు ఆయన్ని ఒక్క మాటా అనలేదు. నావైపు తిరిగి, “నువ్వు జెప్పినావనే గదనా, అమ్మను ఆడ ఇడిచిపెట్టి వస్తిమి,” అంది.

నా లెక్క తప్పలేదు. ఆ మాట ఎవరికని చెప్పను? పెద్దవాళ్లు చూపిన గుర్తును ఇంకోసారి అడిగి చూడడం మర్యాద కాదనుకునే రోజులవి. ఇప్పటి పిల్లలు నేను చెప్పిన దూరాన్ని కూడా ఫోనులో చూసుకుంటారు, నాకు కోపం రాదు. కొత్త కాలనీలో ఈస్టరు పొద్దున సమాధుల్లేని మైదానంలో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడతాం, ఎటు తిరిగి పాడాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత చెల్లెలు ఇల్లు కట్టుకున్నప్పుడు, పునాది మట్టం చూడడానికి వేరే మనిషిని పిలిపించుకుంది. గృహప్రతిష్ఠ ప్రార్థనకు నన్ను పిలిచి, దగ్గరుండి వడ్డించింది. తొక్కుడుబిళ్ల గడులు సమానంగా రావాలని చిన్నప్పుడు నా చేతనే గీయించుకున్న పిల్ల ఆమె.