డాలీగంజ్‌లో ఇరవై నిమిషాల ఫ్రెంచి

ఆ రోజుల్లో నా బుర్రలో భాషలకు రెండే అరలుండేవి. ఒకటి ఇంటి అర, అందులో తెలుగు. రెండోది బయటి అర, అందులో హిందీ. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన మా బోటి వాళ్లలో ఎవరి బుర్ర తెరిచి చూసినా ఇదే సర్దుబాటు కనిపిస్తుంది. ఎదుటి మనిషి తమిళుడైనా, బెంగాలీ అయినా, మనవాడు కాదని తెలిసిన మరుక్షణం నోట్లోంచి హిందీ దానంతట అదే వచ్చేస్తుంది. దానికి ఆలోచనతో పని లేదు. ఈ సంగతి నాకు ఇరవై మూడేళ్లు వచ్చేదాకా తెలియలేదు. తెలిసుంటే విదేశీ భాషలు, సంస్కృతుల్లో ఎమ్మే చేస్తానని బయల్దేరేదాన్నే కాదు. (ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు ఎవరైనా చెప్పినా వినే రకం కాదు నేను.)

మెయిన్‌లాండ్‌లోని ఒక యూనివర్సిటీలో దూరవిద్య కోర్సు అది. ప్రధాన భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. నాన్న సర్కారు బడిలో తెలుగు మేస్టారు. "ఫ్రెంచి ఏమంత కష్టం కాదమ్మా, మన యానాంలో మాట్లాడేవారు కదా" అన్నారు, యానాంవాళ్లకు వచ్చింది మనకు రాకుండా పోతుందా అన్నట్టు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుస్తకాలింకా ఓడ దిగకముందే మా పేట డాలీగంజ్ అంతటికీ నేను ఫ్రెంచి లెక్చరర్‌నని చెప్పేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. మా ఇంట్లో సిగ్నల్ అందదని ఆడియో పాఠాలు డౌన్‌లోడ్ చేసే పని తన నెత్తిన వేసుకుని, ఫోను పట్టుకుని సాయంత్రమంతా డాబా మీద కూర్చునేవారు. వాటిని విని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తెలుగు అక్షరాల్లో రాసుకునేవారు. నాలుగున్నరకే తెల్లారే ఊరు మాది. అయిదింటికల్లా నేను పళ్లు తోముకుంటుంటే ఆ నోటుపుస్తకం తెరిచి నాకు డిక్టేషన్ చెప్పేవారు. నోట్లో నురగతో, చేతిలో బ్రష్షుతో, మా నాన్న నోట ఛందస్సులో నడిచే ఫ్రెంచి వింటూ ఎన్నిసార్లు పళ్లు నూరుకున్నానో! గొంతులోంచి పలకాల్సిన 'ర'కారం నేను సాధన చేస్తుంటే అమ్మ మిరియాల పాలు తెచ్చి ఇచ్చేది. వద్దంటే, "తాగవే, ఆ గొంతేంటి అలాగైపోయింది" అని మరో గ్లాసు తెచ్చేది.

రాత పరీక్షలన్నీ గట్టెక్కాయి. మౌఖిక పరీక్ష మిగిలింది. ఆన్‌లైన్‌లో ఫ్రెంచిలో మాట్లాడాలి. నేను చక్కగా మొదలుపెట్టాను. రెండో ప్రశ్నకు ఒక మాట గుర్తు రాలేదు. అంతే, బుర్ర బయటి అర తెరిచింది. "మత్‌లబ్..." అన్నాను. ఆ తర్వాత "వో క్యా హై కీ..." అన్నాను. అలా ఎంతసేపు అన్నానో నాకే తెలియదు. పరీక్షకురాలు కళ్లజోడు తీసి, "నాకు హిందీ వచ్చమ్మా. కానీ ఇవాళ్టి పరీక్ష హిందీలో కాదు" అంది. నేను సారీ చెప్పాను, హిందీలోనే. ఆ తర్వాత లైను కట్టయింది. ఆ రోజుకు నెట్‌వర్క్ చేసిన మేలు అదొక్కటే.

తప్పాను. ఆ పేపరుకు రెండే అవకాశాలు. రెండోదీ పోతే రిజిస్ట్రేషన్ రద్దు, రెండేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. మర్నాడు పొద్దున నాన్న కంచంలో అన్నం కెలికి లేచిపోయారు. రాత్రి భోజనాల దగ్గర, "ఈసారి కూడా పోతే షాదీపూర్‌లో మా స్నేహితుడి ఆఫీసులో టైపిస్టు పని ఖాళీగా ఉంది. అడిగి ఉంచాను" అన్నారు. కేకలేసినా బాగుండేది. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను లెక్చరర్ని చేసిందీ ఆయనే, టైపిస్టుని చేసిందీ ఆయనే, మధ్యలో నన్నెవరూ అడగలేదు.

ద్వీపాల్లో లైను నిలవదని యూనివర్సిటీవాళ్లు జాలిపడి ఒక వెసులుబాటు ఇచ్చారు. ఫ్రెంచి మాతృభాషగా ఉన్న మనిషితో ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడి, వీడియో తీసి పంపాలి. మధ్యలో ఇంకో భాష వస్తే చెల్లదు. శనివారం ఆఖరు. డాలీగంజ్‌లో ఫ్రెంచి మనిషిని ఎక్కడ తేను? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మా ఇంట్లో మాట నాన్న పెదవి దాటి నేరుగా చేపల అత్త దగ్గరికి చేరింది. చేపల అత్త అంటే, శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మొగుడు పడవ మీద వేటకి పోతే ఈవిడ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆవిడకు తెలియని గుమ్మం ఊళ్లో లేదు. సోమవారం ఒక జర్మనీ కుర్రాణ్ణి పట్టుకొచ్చింది. మంగళవారం రష్యా దంపతులు. "తెల్లోల్లే కదా, ఏదో ఒకటి మాట్లాడీ పాపా, సల్తా హై" అని నన్నే కసిరింది. బుధవారం మధ్యాహ్నం గుమ్మంలో గంప దింపి కేకేసింది.

"ఓలమ్మో పాపా, దొరికీసింది! ఫ్రాన్సే, పక్కా. నానే పూఛ్‌కే, అడిగీసి వొచ్చినాను. సిప్పీఘాట్ కాడ తోటల్లో కూకోని ఆకులు బొమ్మలేత్తంది ముసిలమ్మ. రేపు నాలుగింటికి తెత్తాను. ఎల్లుండి ఎల్లిపోద్దంట, పర్మిట్ ఖతమ్."

అంటే ఒక్కటే అవకాశం. గురువారం నాలుగింటికి ఆవిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నూలు చీరలో. ఫ్రాన్సులో బడిపంతులమ్మగా చేసి రిటైరయిందట. గుమ్మంలో చెప్పులు విడిచి, అమ్మకు దణ్ణం పెట్టి, "నమస్తే దీదీ, కైసే హైఁ ఆప్?" అంది. ఇక నా బయటి అర మూసి ఉంచేదెలా? పదిహేనేళ్లుగా ప్రతి చలికాలం ఈ దేశం వస్తోందట, హిందీ నాకంటే శుభ్రంగా మాట్లాడుతోంది. అమ్మ ఆవిడకు కొరమేను పులుసు వడ్డించింది. చేపల అత్త పిల్లలెందరని అడిగింది. పక్కింటివాళ్లు ఫ్రాన్సులో బియ్యం దొరుకుతాయా అని అడిగారు. అన్నీ హిందీలోనే. నేను మాత్రం మూల నిలబడి పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని ఉడికిపోతున్నాను.

ఎలాగో అందర్నీ వంటింట్లోకి తోలి, ఫోను నిలబెట్టి మొదలుపెట్టాను. బోంజూర్ నుంచి బాగానే నడిచింది. ఆకుల బొమ్మల గురించి అడిగాను, చెప్పింది. నా చదువు గురించి అడిగింది, చెప్పాను. సంతోషంతో మాట్లాడుతూ పోయాను. పన్నెండు నిమిషాలయ్యాక నాన్న వంటింట్లోంచి తొంగి చూసి, "అమ్మా, ఇదంతా నాకు అర్థమవుతోందేమిటే?" అన్నారు. వీడియో వెనక్కి తిప్పి చూస్తే మూడో నిమిషం నుంచి ఇద్దరం హిందీలో మాట్లాడుకుంటున్నాం. ఆవిడ కూడా గమనించలేదు.

అప్పుడు నాన్న రంగంలోకి దిగారు. బల్ల పక్కన కెమెరాకు కనిపించకుండా కుర్చీ వేసుకుని, బడికి తీసుకెళ్లే చెక్క స్కేలు చేత పట్టుకున్నారు. "హిందీ వచ్చిందంటే కొడతాను. బల్లనే లే" అన్నారు. నేను ఏడవలేక నవ్వాను. రెండోసారి మొదలైంది. "మత్‌లబ్" అన్నాను, టక్! "అచ్ఛా" అన్నాను, టక్! మూడో దెబ్బకు భయంతో నా నోట ఏ భాషా రాలేదు. ఆ పెద్దావిడ నెమ్మదిగా నాన్న వైపు తిరిగింది. ఆయన చేతిలోని స్కేలును చూసి, ఫ్రెంచిలో అందుకుంది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాననీ, పిల్లల్ని ఇలా బెదరగొట్టే పంతుళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారనీ, ఈ అమ్మాయికి మాట రాకపోవడానికి కారణం ఇదిగో ఈ కుర్చీలో కూర్చుందనీ కడిగిపారేసింది. నాన్న నవ్వుతూ తలాడిస్తున్నారు, తన్ను మెచ్చుకుంటోందనుకుని.

మా నాన్నని నేననొచ్చు, మా అమ్మ అనొచ్చు. పరాయివాళ్లు అంటే ఊరుకునే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తప్పు అన్నాను. మీకేం తెలుసన్నాను. ఈ మనిషి నా పాఠాల కోసం రెండేళ్లు డాబా మీద దోమలతో కూర్చున్నాడన్నాను. ఒక్క మాట అర్థం కాని భాషను పుస్తకం నిండా రాసుకుని రోజూ పొద్దున్నే నాకు వినిపించాడన్నాను. నేను తప్పినప్పుడు ఆయన సరిగా అన్నం తినలేదు, నేను చూశానన్నాను. నాకంటే ఎక్కువ చదివింది ఆయనే, నేను ఆయన్ని చూసి విసుక్కోవడం తప్ప ఏం చేశానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ప్రేమ వేరు, స్కేలు వేరు అంది. మా దగ్గర రెండూ ఒకే చేతిలో ఉంటాయన్నాను. అదే చెడ్డ అలవాటంది. ఇలా ఒకరి మీద ఒకరు పడి వాదించుకుంటుంటే వంటింట్లోంచి చేపల అత్త, "ఏటి మేస్టారూ, తగువాడుకుంటన్నారేటి?" అని గాభరాగా అడగడం కూడా వీడియోలో వినిపిస్తుంది. చివరికి ఆవిడే అలిసిపోయి నవ్వి, ఫోను వైపు వేలు చూపించింది. ఇరవై మూడు నిమిషాలు. స్కేలు తర్వాత ఒక్క హిందీ ముక్క లేదు.

ఆవిడ వెళ్లాక నాన్న అడిగారు, "దేని గురించమ్మా అంత గట్టిగా?" అని. "విద్యావిధానం గురించి నాన్నా" అన్నాను. "మరి, ఇద్దరం మేస్టర్లం కదా" అని పొంగిపోయారు. ముందున్న రెండు నిమిషాలూ తీసేసి, వాదన మొదలైన చోటునుంచి పంపించాను. మధ్యలో పడ్డ అత్త తెలుగు నాది కాదు గనక చెల్లదనకుండా, నాలుగు మార్కులు కోసి మరీ పాస్ చేశారు. వాదన బలంగా ఉంది, వ్యాకరణం కోపంలో కొట్టుకుపోయింది అని రాశారు కింద. షాదీపూర్ టైపిస్టు పని ఇంకెవరికో వెళ్లింది.

ఇప్పుడు నేను ఇక్కడి హోటళ్లలో పనిచేసే పిల్లలకు ఫ్రెంచి చెబుతున్నాను. నాన్న రిటైరయ్యారు. మొన్నీమధ్య ఆ వీడియో అడిగి పెట్టించుకుని, ఒకచోట ఆపి, "ఇక్కడ నన్ను చూపించి ఏదో అన్నావు, ఏమిటది?" అన్నారు. చెబుదామనే నోరు తెరిచాను. ఫ్రెంచిలో గడగడా అనేసిన మాట తెలుగులో ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. మా ఇంట్లో అలాంటివి ఎవరూ ఎవరితోనూ అనుకోరు. "గ్రామర్ నాన్నా" అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి, "సరేలే, నాకు అర్థమైంది" అని మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నారు. పక్కన కూర్చుని నేనూ చూశాను. వాక్యానికి రెండు తప్పుల చొప్పున మాట్లాడుతోంది ఆ పిల్ల, మొహమంతా ఎర్రబడి, చేతులూపుతూ. రోజంతా పిల్లల తప్పులు దిద్దడమే నా పని. ఆ పిల్లవి మాత్రం ఒక్కటీ దిద్దాలనిపించలేదు.