కోతులు కొట్టేసిన సిద్ధాంతాలు

సారంగాపూర్ మండలంలో విజ్ఞానశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవి కోతులు. ఏ సిద్ధాంతాన్నీ పరీక్షించనిదే ఒప్పుకోవు. ఈ సంగతి కిష్టవ్వకు కాపురానికొచ్చిన నాటి నుంచీ తెలుసు. మక్క కంకి పాలుపోసుకున్నదంటే మంచె మీద కూర్చుని వాటిని తిట్టడమే ఆమె ఉద్యోగం. అందులో సెలవుల్లేవు.

ఈసారి సెలవు కావలసి వచ్చింది. సిరిసిల్లలో బిడ్డ శ్రీజకు రెండో కాన్పు. మొదటిది కష్టమైంది. "అవ్వా, నువ్వు పక్కనుంటెనే నాకు ధైర్నం" అని ఫోన్ చేసింది.

కిష్టవ్వ మొగుడు జలపతి పరిశోధనకు పూనుకున్నాడు. కోతి పులికి భయపడుతుందన్నది తొలి సిద్ధాంతం. ఊరకుక్కకు తలకేసే నల్లరంగుతో చారలు గీశాడు. కోతులు చెట్టెక్కి ఒక పూట పరిశీలించాయి. పులి తోకాడిస్తూ వచ్చి జలపతి చెయ్యి నాకింది. అవి దిగి కంకులు విరిచాయి.

"పులిది తప్పుగాదే, కుక్కది తప్పు" అన్నాడు జలపతి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అవి పులికి గాదయ్యా, నాకు బుగులువడ్తయి."

దాంతో సవరించిన సిద్ధాంతం పుట్టింది. దిష్టిబొమ్మకు కిష్టవ్వ చీర కట్టారు. ఆమె తిట్లు రికార్డు చేసి, కూరగాయల బండి మైకులో పెట్టారు. "ఓ మీ పీన్గులెల్ల! ఆగుండ్రి, రాయి దీస్తున్న!" కోతులు పరుగో పరుగు. మర్నాడూ అంతే. కిష్టవ్వ బస్సెక్కింది.

కోతులకు ఆ రుజువు చాలలేదు. తిట్టు వస్తోంది గానీ దాని వెనక రాయి రావడం లేదని గమనించాయి.

శ్రీజను ఆస్పత్రిలో చేర్చిన రోజు పొద్దున్నే జలపతి ఫోన్ వచ్చింది. "చేను సగం పాయెనే. ఒక దిక్కు కొడితే ఇంకో దిక్కు వడ్తున్నయి. నువ్వు రాకుంటె మిగిలింది గూడ పోతది."

కిష్టవ్వ బిడ్డకు చెప్పింది. శ్రీజ గోడవైపు తిరిగి పడుకుంది. "పో. నీకు నాకంటె మక్కలెక్కువ."

కిష్టవ్వ బస్సు దిగి తిన్నగా చేనుకే పోయింది. మంచెక్కి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. కోతులు తలెత్తి చూశాయి. ఆ గొంతును పరీక్షించడం, తోసిపుచ్చడం ఎప్పుడో అయిపోయింది. మళ్లీ కంకుల పొట్టు తీసుకోసాగాయి. రాయి విసిరింది. ఏళ్లుగా ఉన్న భుజం నొప్పికి అది నాలుగు సాళ్లు కూడా దాటలేదు. ఇన్నేళ్లూ చేనును కాపాడింది రాయి కాదు, అది వస్తుందన్న భయం. ఆ భయాన్ని మైకు తినేసింది.

సాయంత్రం జలపతి గట్టు మీద నుంచి కేకేశాడు. "మనుమరాలు వుట్టిందట! ఇద్దరు మంచిగనే ఉన్నరట!" కోతుల వైపు చూసి మళ్లీ అన్నాడు. "జర గట్టిగ తిట్టరాదే, ఇంటలేవు."